పాత పద్ధతి అన్యేహో టెకీలా, మిగతా అగావే మద్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియా వచ్చేటప్పుడు ఏ బాటిల్ తేవాలి అని కజిన్స్, మెస్కాల్ అన్నా టెకీలా అన్నా ఒకటే కదా అని ఫ్రెండ్స్, ఇవే ప్రశ్నలు నన్ను ఏళ్ళుగా అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇవన్నీ మెక్సికోలో అగావే మొక్క నుంచి కాచే మందులు. ఎక్కువ భాగం అన్యేహో, అంటే ఓక్ చెక్క పీపాలో కనీసం ఏడాది ఉంచిన టెకీలా గురించే, ఎందుకంటే నాకు బాగా ఇష్టమైంది అదే, జనాలు డబ్బులు పెట్టి మరీ మోసపోయేదీ అక్కడే.

అసలు అగావే అంటే ఏంటి? కలబంద లాంటిదా, కాక్టస్ లాంటిదా?

రెండూ కాదు. మన ఊళ్ళలో పొలం గట్ల మీద కంచెలాగా పెంచే కిత్తనార ఉంది చూడండి, మట్టల చివర ముల్లుతో, నార తీసి తాళ్ళు పేనేవాళ్ళు, అది అగావేనే. మెక్సికోలో ఈ జాతి మొక్కలు చాలా రకాలున్నాయి, వాటిల్లో టెకీలాకి పనికొచ్చేది ఒక్కటే, నీలి అగావే. వెబర్ అనే ఆయన 1902లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు, అందుకే లేబుల్ మీద వెబర్ పేరు కనిపిస్తుంది.

మందు వచ్చేది మట్టల నుంచి కాదు, మధ్యలో ఉండే మొవ్వు నుంచి. మట్టలన్నీ నరికేస్తే పెద్ద అనాసపండులాగా ఒక ముద్ద మిగులుతుంది, దాన్ని పిన్యా అంటారు, స్పానిష్‌లో పిన్యా అంటే అనాసే. మామూలుగా 30 నుంచి 50 కిలోలుంటుంది, ఇంకా పెద్దవీ ఉంటాయి. చాలామంది దాన్ని దుంప అనుకుంటారు కానీ అది భూమి లోపల పెరిగేది కాదు, కాండం.

టెకీలా అని దేన్ని అనొచ్చు?

1974 నుంచి దీనికి మూలస్థాన రక్షణ ఉంది, మన తిరుపతి లడ్డూకి జీఐ ఉన్నట్టు. హలిస్కో రాష్ట్రం మొత్తం, ఇంకా గ్వానహ్వాతో, మిచోఅకాన్, నయరీత్, తమౌలీపాస్ రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలు, ఇక్కడ పండిన నీలి అగావేతో ఇక్కడే బట్టీ పట్టినదే టెకీలా. 1994లో పెట్టిన సీఆర్‌టీ అనే మండలి దీన్ని చూస్తుంది.

ఒక్క మెలిక మాత్రం గుర్తుపెట్టుకోండి. రూల్ ప్రకారం టెకీలాలో రెండు తరగతులున్నాయి. లేబుల్ మీద "100 శాతం అగావే" అని ఉంటే పులియబెట్టిన చక్కెర అంతా అగావేదే. అలా రాయకుండా ఉత్త "టెకీలా" అని ఉంటే 51 శాతం అగావే చక్కెర ఉంటే చాలు, మిగతా 49 శాతం దాకా చెరుకు లాంటి వేరే చక్కెర కలపొచ్చు, దాన్ని మిక్స్‌తో అంటారు. 100 శాతం అగావేది ఆ ప్రాంతంలోనే బాటిల్‌లో నింపాలి, మిక్స్‌తోని ట్యాంకర్లలో వేరే దేశానికి పంపించి అక్కడ నింపుకోవచ్చు. బార్లలో ఉప్పు నిమ్మకాయతో ఇచ్చే గోల్డ్ షాట్లు చాలావరకు ఈ మిక్స్‌తోనే, ఆ బంగారు రంగు చాలాసార్లు క్యారమెల్‌ది. టెకీలా అంటే నాకు పడదు అనేవాళ్ళలో ఎక్కువమంది తాగింది ఇదే, వాళ్ళు అసలైనది ఇంకా రుచి చూడలేదని నా నమ్మకం.

బ్లాంకో, రెపొసాడో, అన్యేహో... ఇవి ఏంటి?

పీపాలో ఎంతకాలం ఉందనేదే తేడా. బ్లాంకో అంటే బట్టీలోంచి దిగినది దిగినట్టు, లేదా రెండు నెలల్లోపు. రెపొసాడో కనీసం 2 నెలలు ఓక్‌లో. అన్యేహో కనీసం 1 సంవత్సరం, అదీ 600 లీటర్లకి మించని పీపాల్లో. ఎక్స్‌ట్రా అన్యేహో కనీసం 3 సంవత్సరాలు, ఈ తరగతిని 2006లో కొత్తగా చేర్చారు. రెపొసాడోకి పీపా సైజు పరిమితి లేదు కాబట్టి వేల లీటర్ల పెద్ద చెక్క తొట్టెల్లో కూడా ఉంచుతారు, అందులో మందుకి చెక్క తగిలేది తక్కువ. అదే 200 లీటర్ల చిన్న పీపాలో అయితే చెక్క ప్రభావం త్వరగా ఎక్కుతుంది, అందుకే రెండు రెపొసాడోలు ఒకే వయసువి అయినా అసలు పోలికే ఉండకపోవచ్చు.

"పాత పద్ధతి" అంటే కచ్చితంగా ఏంటి? ప్రతి బ్రాండూ అదే అంటుంది కదా

అవును, అందరూ అంటారు, అందుకే మొదట్నుంచీ చెప్తా. చెరుకు గానుగ, బెల్లం పొయ్యి చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

నాటిన దగ్గర్నుంచి అగావే పండడానికి 6 నుంచి 8 ఏళ్ళు పడుతుంది. అరటికి పిలకలొచ్చినట్టు తల్లి మొక్క చుట్టూ పిలకలొస్తాయి, వాటినే తీసి నాటుతారు. పూత కాండం లేవడం మొదలైతే దాన్ని కోసేస్తారు, లేదంటే మొవ్వులో ఉన్న తీపి అంతా పూవుకి పోతుంది. కోత కోసేవాడిని హిమదోర్ అంటారు, పొడవాటి కర్ర చివర గుండ్రటి పదునైన రేకు ఉన్న కోఆ అనే పనిముట్టుతో మట్టలన్నీ చెక్కేస్తాడు. మొవ్వు పండిందా లేదా అనేది చూపుతోనే చెప్పగలిగే మనుషులు వీళ్ళు, ఈ పని ఎక్కువగా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. పచ్చిది కోస్తే ఆ లోటుని తర్వాత ఏ పీపా పూడ్చలేదు.

తర్వాత ఉడికించడం. పచ్చి మొవ్వులో చక్కెర నేరుగా ఉండదు, ఫ్రక్టాన్ అనే రూపంలో ఉంటుంది, ఈస్టు దాన్ని తినలేదు. వేడి తగిలితేనే అది విడిపోయి తీపి అవుతుంది. పాత పద్ధతిలో ఇటుక గదిలాంటి ఓర్నో అనే పొయ్యిలో పేర్చి ఒకటిన్నర రోజు, రెండు రోజులు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, నెమ్మదిగా ఆవిరి పెడతారు. బయటికి తీసినప్పుడు ముక్కలు ముదురు గోధుమ రంగులో బంకబంకగా ఉంటాయి, ఆ రుచి కాల్చిన చిలగడదుంపని బెల్లం పాకంలో ముంచినట్టుంటుంది. మంచి టెకీలాలో వెతకాల్సిన మొదటి రుచి ఇదే, దీన్ని ఒకసారి గుర్తుపడితే మీ నాలుక మిమ్మల్ని ఇక మోసపోనివ్వదు.

తర్వాత నలగ్గొట్టడం. తహోనా అనే పెద్ద రాతి చక్రం ఉంటుంది, సుమారు రెండు టన్నుల బరువు, అగ్నిపర్వత రాయి, గుండ్రటి గుంటలో తిరుగుతూ ఉడికిన ముక్కల్ని నలుపుతుంది, అచ్చం మన గానుగ తిరిగినట్టే, ఒకప్పుడు గాడిదలు లాగేవి, ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టరో మోటారో. దీంతో రసం పూర్తిగా రాదు, మిల్లుతో పోలిస్తే నష్టమే, కానీ పిప్పి మెత్తగా నలుగుతుంది, కొంతమంది ఆ పిప్పితో సహా పులియబెడతారు, దాంతో వచ్చే చిక్కదనం, మట్టివాసన వేరు. టెకీలా ఊళ్ళో ఫోర్తలేసా వాళ్ళు, అరందాస్ దగ్గర ఎల్ తెసోరో వాళ్ళు పూర్తిగా తహోనాతోనే చేస్తారు. అతొతొనిల్కోలో సియేతే లెగ్వాస్ వాళ్ళు తహోనా రసం, రోలర్ మిల్లు రసం రెండూ కలుపుతారు. రోలర్ మిల్లు వాడితే పాత పద్ధతి కాదని నేను అనను, తపాతియో అనే బ్రాండ్ మిల్లుతోనే చేస్తుంది, నాకు చాలా ఇష్టమైనవాటిలో అదొకటి.

పులియబెట్టడం చెక్క తొట్టెల్లోనో స్టీలు తొట్టెల్లోనో, త్వరపెట్టకుండా, చలికాలం అయితే ఇంకా ఎక్కువ రోజులు. తర్వాత రెండుసార్లు బట్టీ. మొదటిసారి వచ్చేదాన్ని ఒర్దినారియో అంటారు, 20 నుంచి 25 శాతం ఆల్కహాల్ ఉంటుంది, రెండోసారి వచ్చేది టెకీలా. మొదలు వచ్చేది, చివర వచ్చేది తీసేసి మధ్యది ఉంచుకుంటారు, మన దగ్గర సారా కాచినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. ఒక లీటరు 100 శాతం టెకీలాకి సుమారు 7 కిలోల అగావే పోతుంది, దానికి వెనక ఏడేళ్ళ ఎదురుచూపు.

మరి కొత్త పద్ధతి ఏంటి?

ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్, రోజుల పని గంటల్లో అయిపోతుంది. జాగ్రత్తగా వాడితే దాంతోనూ మంచి టెకీలా వస్తుంది. నాకు అభ్యంతరం డిఫ్యూజర్ మీద. అందులో అగావేని ఉడికించకుండానే ముక్కలు చేసి, వేడి నీళ్ళు కొట్టి సారం కడిగేస్తారు, ఆ సారాన్ని తర్వాత వేడి చేసి, చాలాచోట్ల యాసిడ్ కూడా వేసి, చక్కెరగా మారుస్తారు. దిగుబడి బ్రహ్మాండం, రుచి మాత్రం దాదాపు వోడ్కా. ఆ ఖాళీని నింపడానికే వనిల్లా, తీపి కలపాల్సి వస్తుంది.

ఎన్నేళ్ళు ఎక్కువైతే అంత మంచిదా?

కాదు. విస్కీ అలవాటున్న మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బార్లీ ఒక్క ఏడాదిలో పండే పంట, దాని రుచి చాలావరకు పీపాలో తయారవుతుంది. అగావే అలా కాదు, దాని వయసు పొలంలోనే గడిచిపోయింది. పీపా దానికి తోడుగా ఉండాలి, మింగేయకూడదు. పైగా హలిస్కో స్కాట్లాండ్ అంత చల్లని చోటు కాదు, వేడికి మందు చెక్కలోకి త్వరగా దిగుతుంది, ఆవిరైపోయేదీ ఎక్కువే. అందుకే 18 నెలల అన్యేహోలో కనిపించే చెక్క రుచికి స్కాచ్‌లో చాలా ఏళ్ళు పట్టొచ్చు.

పీపాలు ఎక్కువగా అమెరికా బోర్బన్ విస్కీ వాడి వదిలేసినవే, ఎందుకంటే అక్కడి చట్టం ప్రకారం బోర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే పెట్టాలి, ఒకసారి వాడినవి మళ్ళీ వాళ్ళకి పనికిరావు. ఆ వాడిన పీపా మెత్తగా ఉంటుంది, కొంచెం వనిల్లా, కొంచెం దాల్చినచెక్క ఇస్తుంది. మంచి అన్యేహోలో మొదట ఉడికిన అగావే, మిరియం ఘాటు, ఆ తర్వాత చెక్క రావాలి. కళ్ళు మూసుకుని వాసన చూస్తే ఇది బ్రాందీయా బోర్బనా అని అనుమానం వస్తోందంటే అగావే పోయినట్టే. కొన్ని ఎక్స్‌ట్రా అన్యేహోలు అద్భుతంగా ఉంటాయి, కాదనను, కానీ ఆ ధరకి రెండు మంచి అన్యేహోలు వస్తాయి, నేనైతే అవే కొంటా.

ముదురు రంగు ఉంటే ఎక్కువ ఏళ్ళదా?

రంగుని అస్సలు నమ్మొద్దు. రూల్ ప్రకారం క్యారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిసరిన్, చక్కెర పాకం, ఈ నాలుగూ బరువులో 1 శాతం లోపు ఉంటే లేబుల్ మీద చెప్పక్కర్లేకుండానే కలపొచ్చు. ఒక శాతమే కదా అనిపిస్తుంది కానీ ఇవి గాఢమైన సారాలు, కొన్ని చుక్కలకే రుచి మారిపోతుంది. గ్లిసరిన్ నోట్లో జారుడుగా అనిపిస్తుంది, "అబ్బ ఎంత స్మూత్" అని మెచ్చుకునేది చాలాసార్లు దాన్నే.

ఇంట్లో చిన్న పరీక్ష ఒకటుంది. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని రుద్ది ఆరనివ్వండి. ఆరాక బంకబంకగా అనిపించినా, కేకు ఎసెన్స్ వాసన నిలిచిపోయినా అనుమానించొచ్చు. ఇది ల్యాబ్ రుజువు కాదు, ఒక సూచన మాత్రమే. ఏవీ కలపలేదని ఎవరు ధ్రువీకరించాలనే దాని మీద ఈమధ్య సీఆర్‌టీకీ, బయటినుంచి సొంతంగా పరీక్షించేవాళ్ళకీ పెద్ద గొడవే అయింది. కొనేవాళ్ళకి తెలుసుకునే హక్కు ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

క్రిస్టలినో అంటే? తెల్లగా ఉంది కానీ అన్యేహో అంటున్నారు

అన్యేహోని బొగ్గు గుండా వడగట్టి రంగు తీసేస్తారు. రంగుతో పాటు రుచీ కొంత పోతుంది, అందుకని చాలామంది తీపి మళ్ళీ చేరుస్తారు. మెక్సికోలో బాగా అమ్ముడవుతోంది. ఏడాది పాటు పీపాలో పెట్టి సంపాదించినదాన్ని తీసేయడం ఎందుకో నాకు మనసొప్పదు.

షాపులో నిలబడి లేబుల్‌లో ఏం చూడాలి?

ముందు 100 శాతం అగావే. ఆ తర్వాత నోమ్ నంబర్, ప్రతి సీసా మీదా నాలుగు అంకెలు ఉంటాయి, అది ఏ డిస్టిలరీలో తయారైందో చెప్తుంది. బ్రాండు పేరు కన్నా నాకు ఇదే ముఖ్యం, ఎందుకంటే ఒకే డిస్టిలరీ నుంచి పదుల కొద్దీ బ్రాండ్లు వేరువేరు సీసాల్లో వేరువేరు ధరలకి వస్తుంటాయి. ఉదాహరణకి 1139 అంటే అరందాస్‌లో కమరేనా కుటుంబం 1937లో పెట్టిన లా ఆల్తేన్యా, తపాతియో, ఎల్ తెసోరో రెండూ అక్కడివే. 1493 ఫోర్తలేసా, 1120 సియేతే లెగ్వాస్. ఫోన్‌లో నంబర్ కొట్టి చూస్తే ఓర్నోనా డిఫ్యూజరా, తహోనానా మిల్లా అన్నీ దొరుకుతాయి. సెరామిక్ సీసా, హీరో పేరు, బరువైన మూత, వీటికి పెట్టే డబ్బు లోపలున్న మందుకి పెట్టేది కాదు.

హైల్యాండ్, లోల్యాండ్ తేడా నిజంగా ఉందా?

ఉంది కానీ గోడ కట్టినట్టు కాదు. లోస్ ఆల్తోస్ ఎత్తైన ప్రాంతం, ఎర్రమట్టి, అక్కడి టెకీలా కాస్త తియ్యగా పళ్ళ వాసనతో ఉంటుందంటారు. టెకీలా ఊరున్న లోయవైపుది మిరియం, మట్టి, పచ్చి ఆకు వాసన. ఈ లోయలోని అగావే తోటల్నీ పాత బట్టీల్నీ యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది. చేసేవాడి చెయ్యి మాత్రం నేల కన్నా ఎక్కువ తేడా తెస్తుంది.

మెస్కాల్‌కీ టెకీలాకీ తేడా ఏంటి?

పాతకాలంలో టెకీలాని "టెకీలా ఊరి మెస్కాల్" అనే పిలిచేవాళ్ళు, అంటే టెకీలా కూడా ఒకరకం మెస్కాలే. ఇప్పుడు చట్టం రెండింటినీ విడదీసింది, మెస్కాల్‌కి 1994లో విడిగా రక్షణ వచ్చింది. వహాకా రాష్ట్రం దాని గుండెకాయ, ఇంకా చాలా రాష్ట్రాల్లో చేస్తారు.

పెద్ద తేడా రెండు. ఒకటి, మెస్కాల్‌కి అగావే రకం ఒక్కటే అని లేదు. ఎక్కువగా వాడేది ఎస్పదీన్, అడవిలో పెరిగే తొబలా, తెపెస్తాతే లాంటివీ ఉంటాయి, తెపెస్తాతే పండడానికి చాలా ఎక్కువ ఏళ్ళు పడుతుంది. రెండోది, భూమిలో గొయ్యి తీసి, కట్టెలు కాల్చి రాళ్ళు ఎర్రగా కాలాక మొవ్వులు పేర్చి మట్టి కప్పేస్తారు, రోజుల తరబడి అలా మగ్గుతాయి, ఆ పొగ వాసన అక్కడిదే. మెస్కాల్‌లోనూ మామూలు, ఆర్తెసనాల్, ఆన్సెస్ట్రాల్ అని మూడు తరగతులున్నాయి, ఆన్సెస్ట్రాల్ అయితే మట్టి కుండల్లోనే బట్టీ పట్టాలి. మంచి మెస్కాల్‌లో పొగ ఒక పక్కన ఉంటుంది, అగావే ముందుంటుంది. మెస్కాల్‌ని పీపాలో పెట్టడం అక్కడ పెద్దగా అలవాటు లేదు, కానీ గాజు సీసాల్లో ఏడాది పైన నిలవ పెట్టేది ఉంది, ఘాటు చల్లబడుతుంది, చెక్క రుచి రాదు. నాకు చాలా నచ్చే పద్ధతి.

రైసియా, బకనోరా, సోతోల్?

రైసియా కూడా హలిస్కోదే, కానీ పడమటి కొండలు, తీరం వైపుది, 2019లో రక్షణ వచ్చింది, కాస్త పులుపు, పూల వాసన. బకనోరా సొనోరా రాష్ట్రానిది, 1915 నుంచి 1992 దాకా నిషేధంలో ఉండి దొంగచాటుగా బతికింది, తర్వాత 2000లో రక్షణ. సోతోల్ చూడ్డానికి దగ్గరగా ఉంటుంది కానీ అగావేనే కాదు, దాసిలిరియాన్ అనే వేరే మొక్క, చిహ్వాహ్వా ఎడారి వైపుది.

మన కల్లు లాంటిది అక్కడ ఏమైనా ఉందా?

ఉంది, పుల్కే. పెద్ద అగావే మొవ్వుని తొలిచి అందులో ఊరే తీపి నీళ్ళు రోజూ తీసి పులియబెడతారు. బట్టీ పట్టరు. తెల్లగా, కొంచెం జిగురుగా, పుల్లగా ఉంటుంది, ఈతకల్లులాగా అప్పటికప్పుడు తాగాల్సిందే, నిలవ ఉండదు.

సీసాలో పురుగు ఉంటేనే ఒరిజినల్ అంటారు?

టెకీలాలో పురుగు ఉండనే ఉండదు. కొన్ని మెస్కాల్ సీసాల్లో అగావే మీద బతికే గొంగళిపురుగుని వేస్తారు, అది అమ్మకం కోసం మొదలైన అలవాటు, నాణ్యతకి గుర్తు కాదు.

ఇండియాలో చేసేదాన్ని టెకీలా అనొచ్చా?

అనకూడదు, అగావే స్పిరిట్ అనాలి. మన ఆంధ్రాకి దీంతో నిజమైన సంబంధం ఉంది, దక్కన్‌లో పెరిగే కిత్తనారతో డెస్మండ్ నజరెత్ అనే ఆయన చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టి చేసిన డెస్మండ్‌జీ 2011లో గోవాలో మార్కెట్లోకి వచ్చింది. మొక్క రకం వేరు కాబట్టి టెకీలా రుచి ఆశించొద్దు, దానికదే వేరుగా చూడాలి. ఇక రానా దగ్గుబాటి, అనిరుధ్ వాళ్ళు భాగస్వాములుగా 2024లో అమెరికాలో వచ్చిన లోకా లోకా మాత్రం టెకీలానే, ఎందుకంటే తయారయ్యేది హలిస్కోలో.

ఉప్పు, నిమ్మకాయ అవసరమా?

అన్యేహోకి వద్దు. చిన్న గ్లాసులో, ఐస్ లేకుండా, పది నిమిషాలు వదిలేసి, నోరు కాస్త తెరిచి వాసన చూసి, చిన్న చిన్న గుటకలు. మొదటి గుటక నాలుకని తడపడానికే, రుచి రెండోదాంట్లో తెలుస్తుంది. మెక్సికోలో పక్కన సంగ్రీతా అని పుల్లటి కారంగా ఉండే రసం పెట్టుకుంటారు, అది బ్లాంకోతో బాగుంటుంది. మన వేయించిన పల్లీలు అన్యేహోకి చక్కటి జోడీ, మసాలా ఎక్కువున్న చికెన్ ఫ్రై పక్కన మాత్రం ఆ రుచి మొత్తం మునిగిపోతుంది.

టెకీలాకి హ్యాంగోవర్ రాదు, షుగర్ ఉన్నవాళ్ళకి మంచిది అంటారు, నిజమా?

నిజం కాదు. మొక్కలోని ఫ్రక్టాన్ గురించి జరిగిన పరిశోధనల్ని సీసాలో మందుకి అంటగట్టి ఫార్వర్డ్ చేస్తున్నారు, ఆ పదార్థం బట్టీ దాటి రాదు. 40 శాతం ఉన్న 30 ఎంఎల్ పెగ్గులో తొమ్మిదిన్నర గ్రాముల దాకా ఆల్కహాల్ ఉంటుంది, అది ఏ మందులో అయినా ఒకటే. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు, ఇది మా ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పే మాటే.

ఇంత డిమాండ్ వస్తే మొక్కలకి ఇబ్బంది లేదా?

ఉంది, దీని గురించి ఎవరూ అడగరు కానీ అడగాలి. అన్నీ పిలకలతోనే పెంచడం వల్ల తోటలన్నీ ఒకే మొక్కకి నకళ్ళు, తెగులు వస్తే అన్నిటికీ వస్తుంది, 1990ల చివర్లో అలాగే జరిగి అగావే కరువొచ్చింది. పూత రాకముందే కోసేస్తారు కాబట్టి ఆ పూల తేనె మీద బతికే గబ్బిలాలకి తిండి లేదు, విత్తనమూ లేదు. రొద్రీగో మెదెయీన్ అనే గబ్బిలాల శాస్త్రవేత్త, కొంతమంది తయారీదారులు కలిసి తోటలో 5 శాతం మొక్కల్ని పూయనివ్వమని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంకొకటి, లీటరు టెకీలాకి దాదాపు 10 లీటర్ల బట్టీ వ్యర్థజలం మిగులుతుంది, దాన్ని శుద్ధి చేయకుండా వాగుల్లో వదిలితే నీళ్ళు చచ్చిపోతాయి. శ్రద్ధగా చేసేవాళ్ళ సీసాకి పది డాలర్లు ఎక్కువ పెట్టడం నాకు బాధ అనిపించదు.

ఇండియాకి ఎన్ని తేవచ్చు? తెరిచాక ఎన్నాళ్ళుంటుంది?

డ్యూటీ కట్టకుండా మనిషికి 2 లీటర్లు, 750 ఎంఎల్ సీసాలైతే రెండే పడతాయి. తాగే వయసు ఏపీలోనూ తెలంగాణలోనూ 21. తెరిచిన సీసా పాడవదు కానీ సగం కన్నా తగ్గాక గాలి తగిలి వాసన పల్చబడుతుంది, కొన్ని నెలల్లో పూర్తి చెయ్యండి, లేదా చిన్న గాజు సీసాలోకి నిండుగా మార్చండి. నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే బిరడా తడిసి పాడవుతుంది. ఎండ తగలని అల్మారా చాలు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చల్లబడితే ముందు మాయమయ్యేది ఆ ఉడికిన అగావే వాసనే.